మహాలక్ష్మమ్మత్త మంచం

ఏట్రా చినబాబూ, మంచం కోడు ఊగుతన్నాదని కొత్త మంచం కొనేస్తావా? కోడంటే మంచం కాలురా, ఆ మాట కూడా తెలీదు మీకు. నీ పెళ్ళాం కొనమన్నాదా, నువ్వే అనుకున్నావా? సర్లే, అడగను. కూసో. మా మేనత్త మహాలక్ష్మమ్మ ఉంటే నీకు బాగా సెప్పును. నువ్వు పుట్టకముందే పోనాదిలే. నరసన్నపేట బజార్లో మా రంగనాథం మావకి బట్టల కొట్టు ఉండీది. వాళ్ళ పడగ్గదిలో రంగం టేకు మంచం ఒకటుండీది, రంగమంటే రంగూన్ రా, నలుగురు పడితేగాని కదిలీది కాదు. జపానోళ్ళు రంగం పట్టుకున్న మరుసటేడు, మావకి జొరం తగిలినాది. పది రోజులు తగ్గనేదు. పదకొండో రోజు మద్దేన్నం ఊపిరి ఎగబీలుస్తన్నాడని కేకేస్తే నాను పరిగెత్తుకెళ్ళినాను. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. మనిషి మంచం మీద పోకూడదు గదా, పోయేలోగా నేల మీదకి దించాల. మంచం మీద పోతే ఆ మంచం మరి ఇంట్లో ఉంచరు, శ్మశానంలో పడేస్తారు. మావ తమ్ముడు జగన్నాధం తలవైపు పట్టుకున్నాడు, నాను కాళ్ళవైపు. తొందర్లో మంచం పక్క పట్టె మీద మోకాలు ఆనించినాను, కోడు ఫెళ్ళుమని ఇరిగిపోనాది. ఎలాగో దించినాం. జగన్నాధం గుండెలు బాదుకుంటూ, "మా అన్న నేల మీదే పోనాడ్రా, పున్నెం సేసుకున్నాడ్రా" అని అరిసినాడు. అందరూ అవునన్నారు. నాను మాటాడనేదు. ఎందుకంటే నాను పట్టుకున్న కాళ్ళు... సరే, అది తరవాత సెప్తాను.

పన్నెండో రోజు అయిపోనాది. జగన్నాధం కొడుక్కి వైశాకంలో పెళ్ళి పెట్టుకున్నారు. వడ్రంగి లక్ష్ముణ్ణి ఎంటబెట్టుకుని వచ్చినాడు. ఆ లక్ష్ముడిది అరసవల్లి. ఆదివారం నాడు సూరినారాయణమూర్తికి తప్ప దేనికీ సెయ్యెత్తడు, ఉలి ముట్టమంటే తిడతాడు. పని మాత్రం సూసి తీరాల. అందుకని సోమవారం దాకా ఆగి మరీ వచ్చినారు. జగన్నాధం అంటాడూ, "వదినా, యుద్ధం పుణ్యమాని రంగం టేకు రావడం మానేసినాది, ఇలాంటి మంచం మరి దొరకదు. కోడొకటి మార్పించి కొత్త కోడలి గదిలో ఏయించుకుంటాను. నీకెలాగూ సాపే గదా" అని. మొగుడు పోయిన ఆడది మంచం ఎక్కకూడదు మరి, ఆ రోజులలాంటివి. అత్త వచ్చి మంచానికి అడ్డంగా నిలబడినాది. తరవాత, "జగన్నాధం, ఆ రోజు నా సెయ్యి మీ అన్న గుండె మీదున్నాది. మీరు దించకముందే ఆగిపోనాది. ఆయన మంచం మీదే పోనాడు. ఆ మాట దాసి, కొత్త పిల్లని దీనిమీద పడుకోబెడతావా?" అని అడిగినాది. అని నాకేసి సూసినాది. "నువ్వు సెప్పరా, కాళ్ళు పట్టుకున్నావు గదా, ఎలాగున్నాయి?" "వేలాడిపోనాయత్తా" అన్నాను. అబద్ధం ఆడ్డానికి ధైర్యం సాలనేదురా, అంతే. నాదేటి గొప్ప కాదు.

జగన్నాధం మొకం మాడిపోనాది. "అయితే శ్మశానంలో పడీయాల్సిందే" అన్నాడు. "ఏటికి? ఇరవయ్యేళ్ళు నడుం వాల్సిన సోట పోతే తప్పేటి? కోడు మార్సు లక్ష్ముడూ, నానే పడుకుంటాను" అన్నాది అత్త. గుమ్మంలో ఎదురింటి జగ్గమ్మ ఉన్నాది, వీధికంతటికీ పెద్ద పెత్తందారు. "ఓలమ్మో! ముండమోసినదానివి మంచం ఎక్కుతావా, సిగ్గునేదా?" అన్నాది. మా అత్త ఊరుకుంటాదా? "నేల మీద పడుకుంటే మోకాళ్ళు పట్టేస్తన్నాయి జగ్గమ్మా. నీ మోకాళ్ళు రెండూ నాకియ్యి, సాప మీదే పడుకుంటాను" అన్నాది. లక్ష్ముడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. టేకు దొరక్క మద్దికర్రతో కోడు సేసి, మేకన్నది కొట్టకుండా బిగించినాడు. మూడు కోళ్ళు నల్లగా, ఒకటి ఎర్రగా. అత్త పదకొండేళ్ళు పడుకున్నాది దానిమీద. వీధి నోరు ఆర్నెల్లకి అలిసిపోనాది. కళ్ళాపి సల్లీది, మావ కొట్టు తనే తీసీది, ఎవుల్నీ ఒక్క మాట అననేదు, ఎవుల్సేతా అనిపించుకోనేదు. మనిషి అలాగుండాల.

పోయే ముందు వారం నన్ను పిలిసినాది. "ఒరే, నన్ను దించకండ్రా. ఆయన పోయిన సోటే పోనీ" అన్నాది. సేతిలో సెయ్యేసి మాటిచ్చినాను. పానం పోయే రోజు ఇంటినిండా జనం. జగ్గమ్మ ముసిల్ది అయిపోనాది గాని గొంతు తగ్గనేదు. "దించండ్రా, సూస్తారేటి, దించండి" అని ఒకటే గోల. అందరూ నన్నే సూస్తన్నారు. నాను... దించేసినాను. అత్త కళ్ళు తెరుసుకునే ఉన్నాది. మాట రానేదు గాని నాకేసే సూసినాది. ఆ సూపుతోటే, నేల మీద పోనాది. మాట తప్పనోడని ఈ పేటంతా నాకు పేరురా చినబాబూ.

ఏటలా సూస్తావు? లెగు, అన్నం తిందువు గాని.