పవర్‌హౌస్‌ని ఊది వెలిగించినవాడు

ఉలాన్‌బాతర్‌లో ఆ ఏడు మంచు ముందే పడింది. బొగ్గు పవర్‌హౌస్ వాళ్లు ఇళ్ల గొట్టాల్లోకి వేడినీళ్లు ఆ రోజే వదులుతామన్నారు గానీ, మధ్యాహ్నం దాటినా దుల్మా టీకొట్టు చల్లగానే ఉంది. కొట్టు పైవాటా జామ్స్రన్‌ది. ఆయన కూతురు నోమిన్ నెలలు నిండకుండా పుట్టిన పాపతో ఆసుపత్రిలో ఎదురుచూస్తోంది. గొట్టాలు వేడెక్కగానే ఫోన్ చేస్తాను, అప్పుడే బయల్దేరమని ఆయన మాటిచ్చాడు. గొర్రెతోలు కోటు విప్పకుండా మూలనున్న గొట్టానికి వీపు ఆనించి, ఉప్పు వేసిన పాలటీ తాగుతూ, బెంగ మరిచిపోవడానికి, టీకి చేరిన మాతో కబుర్లు అందుకున్నాడు.

"ఇప్పటివాళ్లకి చేతకాదర్రా. నేను పవర్‌హౌస్‌లో పనిలో ఉన్నప్పుడు ఒక చలికాలం, రైలుపెట్టెల్లో వచ్చిన బొగ్గు గడ్డకట్టుకుపోయింది. మనుషులు గునపాలతో పొడిచి పొడిచి చేతులెత్తేశారు. నేను ఒక్క పోటు పొడిచాను, సగం పెట్టె జారింది."

"సగమేనా బాబాయ్?" అన్నాడు లారీ డ్రైవర్ చోయ్‌జిల్.

"మొదటి పోటుకి సగం. రెండో పోటుకి గునపం ఎత్తానో లేదో, వెనకున్న పెట్టెలన్నీ భయపడి వాటంతటవే ఖాళీ అయిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొగ్గయితే వచ్చింది గానీ బాయిలర్ ఆరిపోతోంది, ఈదురుగాలి పొగగొట్టంలోంచి లోపలికి తంతోంది, ఇంజనీరు ఏడవడం ఒక్కటే తక్కువ. నేను బాయిలర్ తలుపు తీసి, గుండెల నిండా ఊపిరి పీల్చి ఒక్క ఊదు ఊదాను. మంట పొగగొట్టం దాటి పైకి లేచింది."

దుల్మా టీ పోస్తూ, మరి కనుబొమ్మలు కాలలేదా అని అడిగింది.

"కాలాయి. ఇవి తర్వాత మొలిచినవి. సరే, నీళ్లు సలసలా కాగి ఊరంతా పాకాయి. బయట మంచు కురుస్తుంటే జనం కిటికీలు తీసుకుని విసనకర్రలు పట్టారు. తూల్ నది కరిగిపోయింది, దక్షిణానికి ఎగిరిపోయిన కొంగలు వసంతం వచ్చేసిందనుకుని తిరిగొచ్చాయి, గోబీలో ఒంటెలు నడిచలికాలంలో బొచ్చు రాల్చేశాయి. మరి కరెంటో? స్విచ్చి వేయకుండానే దీపాలు వెలిగాయి, తీగల్లేని గుడారాల్లో కూడా. పొద్దున్నే సూర్యుడు కొండమీదికొచ్చి చూసి, ఇక్కడ నా పనేముందని వెనక్కి తిరిగాడు. నేనే వెళ్లి బతిమాలి తీసుకొచ్చాను."

"ఊరుకున్నాడా?" అన్నాడు చోయ్‌జిల్, టోపీతో విసురుకుంటూ.

"అలిగాడు. ఈ రోజుకీ ఇటువైపు కాస్త తక్కువే కాస్తాడు, చూడలేదూ? ఇక్కడ కూర్చుని చెవి పెడితే చాలు, పవర్‌హౌస్ లోపల ఏం జరుగుతోందో చెప్పేస్తాను. ఇదిగో, వింటున్నాను. నీళ్లు ఇంకా వదల్లేదు. నన్ను పిలవకపోతే ఇవాళ్టికి రావు."

ఆ చివరి మాట దగ్గర ఆయన చూపు బల్లమీదున్న ఫోన్ మీదికి పోయింది.

దుల్మా చోయ్‌జిల్ నుదుటి మీది చెమట చూసింది, ఆవిరి పట్టిన కిటికీ అద్దం చూసింది. మూలకి వెళ్లి, జామ్స్రన్ భుజం వెనక గొట్టం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది.

"ఇది వేడెక్కి ఎంతసేపైందో ఏమో. ఊరంతటికీ వేడి పంపినవాడివి, నీ వీపు కాలుతుంటే తెలియలేదా అన్నా?"

కొట్టంతా నవ్వింది. జామ్స్రన్ వెనక్కి తిరిగి రెండు అరచేతులూ గొట్టానికి ఆనించాడు. చురుక్కుమన్నా తీయలేదు. కళ్లు చెమర్చాయి. అప్పుడు ఫోన్ అందుకున్నాడు.

"నోమిన్, పాపని తీసుకొచ్చెయ్యమ్మా. ఇల్లు వెచ్చగా ఉంది."

అంతకుమించి ఒక్క మాట కలపలేదు. అలా ముక్తసరిగా మాట్లాడటం మేమెవరం ఎరగం. ఫోన్ పెట్టేసి మా మొహాలు చూశాక గాని ఆయనకి ప్రాణం లేచిరాలేదు.

"అప్పుడు నేను ఊదిన ఊపిరి ఇప్పటికీ పనిచేస్తోందన్నమాట," అన్నాడు.

దుల్మా ఆయన గిన్నెలో మళ్లీ టీ పోసింది.

"ఆ సంగతి పాప వచ్చాక దానికి చెప్పు. ఇంకా నమ్మేది అదొక్కతే."