అరవై దాటినాక హాస్టల్లో చేరితి

"జేజీ, నువ్వు టర్కీకి పోయినప్పుడు హాస్టల్లో పిల్లోళ్లు నీ రొట్టెలన్నీ తినేసినారంట గదా. అది చెప్పు. నేను రికార్డు చేసుకుంటా."

ఎవురు చెప్పినారు మే నీకు? మీ జేజినాయనేనా? నా తమ్ముడు గదా, వాడు సగం సగం చెప్తాడు. ఆ ఫోను ఈడ దిండు మీద పెట్టు. గట్టిగా మాట్లాడాల్నా? జమ్మలమడుగులో అన్నేండ్లు సోషలు పాఠాలు చెప్పినదాన్ని, నా గొంతు దానికి చాలదా.

రొట్టెల కత చెప్పాలంటే ముందర హాస్టల్ కత చెప్పాల. నాకు హాస్టల్ అంటే చిన్నప్పట్నుంచి పిచ్చి. ఏలంటే మా నాయన మీ జేజినాయనను మిషను హాస్టల్లో ఏసినాడు, నన్ను ఏయలే. ఆడపిల్ల ఇంటి కాడుంటే అమ్మకు చేతికింద ఉంటాదని. నేను చాపాడు దగ్గర మా పల్లె నుంచి రోజూ నడిచి పోయి సదువుకుంటి. వానపడితే బస్సు. అప్పుడు పొద్దుటూరుకు టికెట్టు ముప్పావలా... కాదు, ముప్పావలా మా అమ్మ చెప్పే మాట, నా కాలానికి రూపాయి దాటింది. ఏమో, ఇడ్సిపెట్టు. దేవదానం, అదే మీ జేజినాయన, సెలవులకు వొచ్చి చెప్తాండె. గంట కొడితే లేసేదంట, బావి కాడ వరసగా నిలబడేదంట, వార్డెను కంట పడకుండా పచ్చి చింతకాయలు నమిలేదంట. తమ్ముడు నాకంటే చిన్నోడు, వాడు చెప్తాంటే నేను నోరు తెరుచుకోని వింటాంటి. కుళ్లు కూడా ఉన్న్యాది, అబద్ధం ఎందుకు.

తర్వాత నేను టీచరైతి, పెండ్లాయ, పిల్లోళ్లు కలగలే. మా ఇంటాయన ప్రభువు దగ్గరికి పోయినాక, నేను రిటైరయినాక, మీ జేజినాయన మొదులుపెట్టినాడు. "అక్కా, ఒంటిగా ఎందుకు జమ్మలమడుగులో, బీగమేసి పులివెందులకు రా." వానిది ప్రేమే, కాదనను. అయితే వాని ప్రేమ ఎట్లుంటాదంటే, నా చెప్పులు యాడ ఇడవాల్నో గూడ వాడే చెప్పాల. నేను రానని ముఖాన చెప్పలే. "చూద్దాంలే నాయనా" అంటాంటి. అట్లంటే మన తావ రానని అర్థం గదా. వానికి అర్థం కాలే, లేకుంటే అర్థం కానట్ల ఉండె.

నాకేమో ఇస్తాంబుల్ చూడాలని. నవ్వాకు. బడిలో మ్యాపు తగిలిచ్చి బెత్తంతో చూపిస్తాంటి, "ఒకటే ఊరు, మధ్యలో నీళ్లు, ఈ పక్క ఆసియా, ఆ పక్క యూరపు." ఏటా చెప్పేదే. ఒక ఏడాది ఒక పిల్ల అడిగింది, "టీచర్, మీరు చూసినారా?" అని. లేదంటి. అది లోపల ఉండిపోయింది, ముల్లు మాదిరి.

నేను ఒంటిగా పోతానని చెప్పినరోజు మీ జేజినాయన అన్నం ముందర నుంచి లేసినాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న్యాడు. రెండు రోజులు మాట్లాడలే. మూడోనాడు తానే వొచ్చినాడు. "పో అక్కా. కానీ ఒక మాట. ఆడికి పోయినాక 'నాకు చేతకాలే, ఏమన్నా చెయ్యి' అని ఫోను చేస్తివా, తిరిగొచ్చినాక ఇంటికి బీగమేసి నా ఇంటికొచ్చి ఉండాల. ఫోను రాలేదంటే, ఇంగ నేను ఆ మాట ఎత్తను." నేను సరే అంటి. అన్న్యాక తెలిసింది మే. ఈ ఇల్లు, ఈ అరుగు, పొద్దున్నే నా టీ నేను కాంచుకునేది, అన్నీ ఒక ఫోనులో ఉండాయి.

పక్కింటి మాబూబీ తెలుసు గదా, కువైటులో వంటపని చేసి వొచ్చిందే, ఆయమ్మ నాకు విమానం నేర్పిచ్చింది. "అక్కా, మంది యాడికి పోతాండారని వాళ్ల ఎనకాల పోవద్దు. బోర్డు సదువు. బోర్డు అర్థం కాకుంటే చీపురు పట్టుకున్నోళ్లను అడుగు, వాళ్లలో మనోళ్లు ఒకరన్నా ఉంటారు." నిజమే మే. కువైటులో విమానం మారాల, నేను బిత్తరపోయి నిలబడితే, తుడుస్తాండే పిల్లోడు ఒకడు మొగం చూసి "అమ్మా, యాడికి?" అన్న్యాడు. రాయచోటి పిల్లోడు. గేటు కాడికి తీసకపోయి కూచోపెట్టి మళ్లా పనికి పోయినాడు. వాని పేరు అడగలే, ఇప్పటికీ అనుకుంటాంటా.

ఇంగ హాస్టల్. బుక్ చేసింది మా బడిలో సదివిన పిల్ల ఒకతి. హోటల్ వొద్దు, ఊర్లు తిరిగే పిల్లోళ్లు దిగే హాస్టలే కావాలంటి. పోయేతలికి మధ్యాన్నమాయ. ఒక రూము, ఆడపిల్లోళ్లకు, మంచం మీద మంచం. డెస్కు కాడ పిల్ల నాకు పైమంచం ఇచ్చి "ఓకే?" అనింది. నా మోకాళ్లు నీకు తెలుసు గదా. "ఓకే" అంటి. మొగమాటం. ఆ నిచ్చెన చూస్తే గండి కొండ ఎక్కినట్ల ఉండె.

నేను ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, నిప్పట్లు, కజ్జికాయలు పెద్ద డబ్బాకు కట్టుకోని పోయింటి. ఉన్నన్నాళ్లూ అవే తినాలని. రుచికి కాదు మే. నేను పొద్దుటూరులో గూడ ఒంటిగా హోటల్లోకి పోయి కూచోని టీ తాగినదాన్ని కాదు. ఆ డబ్బా ఉంటే యాడికీ పోయి ఎవుర్నీ ఏమీ అడిగే పనిలేదు. అది నా ధైర్యం.

సాయంత్రం డబ్బా తీసినా. రూములో ఐదారు మంది పిల్లోళ్లు, మీ ఈడే. మనకు అన్నం ముందర కూచుంటే ఎదురుగా మనిషి ఉండగా "రాండి, తిందాం" అనకుండా నోట్లో పెట్టుకునేది వొస్తాదా? రాదు. మన తావ ఎదుటోళ్లు "మీరు కానీండి, ఇప్పుడే తినొచ్చినాం" అంటారు. కడుపు కాలిపోతాన్నా అదే అంటారు. మూడుసార్లు పిలిస్తేగానీ కూచోరు. అది మనకు పాలతో వొచ్చింది. నేను గూడ అదే ఇంగ్లీషులో అంటి, "కమ్, కమ్, ఈట్" అని.

ఒక్కమాటకే వొచ్చి కూచున్న్యారు మే! అందరూ. కింద, నా చుట్టూరా. రొట్టె ఇరుచుకోని పొడి అద్దుకుంటాండారు, కారానికి కండ్లల్లో నీళ్లు, ముక్కులు తుడుసుకుంటాండారు, నిలపరు మాత్రం. బ్రెజిల్ పిల్ల ఒకతి, లూసియా అని, కజ్జికాయ కొరికి కండ్లు మూసుకుండె. నేనే పిలిస్తి, నేనే మూత ఎట్ల పెట్టేది? ఆకలి రుచెరగదంటారు, వాళ్లకు ఆకలీ ఉంది, రుచీ తెలిసింది. డబ్బా అడుగు కనపడింది. నాకు మిగిలింది ఒక నిప్పట్టు. నేను నవ్వుతానే ఉన్న్యా, లోపల మాత్రం అయిపోయింది నా పని అనుకుంటి.

పొద్దున లేస్తే కడుపులో ఎలకలు. పిల్లోళ్లంతా నిద్ర. మెల్లిగా నిచ్చెన దిగి, కుర్చీలో కూచోని, ఫోను తీసి మీ జేజినాయన పేరు కాడ యేలు పెట్టినా. వాడు ఈడనుంచి ఏం చేస్తాడు, చెప్పు? ఏమీ చెయ్యలేడు. అయినా పెట్టినా. కన్నీళ్లొచ్చె.  నొక్కలేదు మాత్రం.

మళ్లా నాకే కోపమొచ్చింది. ఏందే సుగుణమ్మా, ఒక రొట్టెముక్కకు ఇల్లు ఇచ్చేస్తావా అనుకుంటి. ఫోను సంచిలో ఏసి, చెప్పులేసుకోని బయటికి పోయినా. వీధి మొగన ఒకాయన బండి మీద నువ్వులద్దిన రొట్టెలు అమ్ముతాండాడు, గుండ్రంగా, చుట్టకుదురు మాదిరి. ఏలుతో చూపిస్తి, ఇచ్చినాడు. పక్కనే టీ అంగడి. ముందర చిన్న ముక్కాలిపీట. కూచుంటి. టీ తెచ్చిచ్చినారు, పాలు లేకుండా. తాగితి. ఎవురూ నన్ను చూడలే మే. ముసిల్ది ఒకతి ఒంటిగా కూచోని టీ తాగుతాంటే ఆ ఊరిలో ఎవురికీ ఏమీ కాలే. నాకెంత సంతోషమాయనో చెప్పలేను. ఇంకొక టీ అడిగినా.

ఆ సాయంత్రం లూసియా గిన్నెతో పప్పుచారు మాదిరిది తెచ్చింది, రొట్టె తెచ్చింది. నా ఎదురుగా పెట్టి రమ్మనింది. నేను ఏమంటి? "నువ్వు తిను నాయనా, నేను తిన్న్యా." ఆకలయితాంది నాకు. అది సరేనని తల ఊపి తినేది మొదులుపెట్టింది! రెండోసారి అడగలే. నేను ఆ గిన్నె తిక్కు చూస్తాండా, అది అట్లే తగ్గిపోతాంది. నవ్వొచ్చె నాకు. ఆ పిల్ల నా మాట నమ్మింది, అంతే గదా. తప్పేముంది? అప్పుడు చెప్పినా, "లేదమ్మా, నాకూ కావాల." బిరీన జరిగి చోటిచ్చింది. తిన్న్యాక ఇంగొకటి గూడ చెప్పినా. "నాకు మోకాళ్లు నొప్పి. నీ కిందిమంచం నాకియ్యి." నా నోట్లోంచి ఆ మాట వొచ్చిందంటే నాకే నమ్మకం లేదు. ఆ పిల్ల తన సంచి తీసి పైకి పారేసింది, నా దుప్పటి తెచ్చి కింద పరిచింది. అయిపోయింది. మనం చెప్పకుండా ఎదుటోళ్లకు తెలియాలని ఎన్నేండ్లు కూచుంటామో చూడు.

మరుసటిరోజు ఓడ ఎక్కితిమి, నేనూ లూసియా. నీళ్ల నడిమికి వొచ్చినాక దానికి చెప్పినా, ఈ పక్క ఆసియా, ఆ పక్క యూరపు. దానికి తెలిసిందే, అయినా వినింది. నా చెయ్యి దానంతట అదే పైకి లేసింది, బెత్తం పట్టుకున్నట్లు. ఏడుపొచ్చింది. మంచి ఏడుపులే. మా ఇంటాయన ఉండింటే బాగుండు అనుకుంటి. లూసియా నా పక్కన ఆనుకోని నిలబడింది.

దినామూ మీ జేజినాయనకు "బాగున్న్యా" అని మెసేజి, అంతే. వొచ్చినాక వాని పెండ్లాం, అదే మీ అవ్వ, చెప్పింది, వాడు ఆ నాళ్లంతా ఫోను ఇడిసిపెట్టలేదంట, నీళ్లు పోసుకునేటప్పుడు గూడ బయట కుర్చీ మీద పెట్టుకోని.

నేను తిరిగొచ్చినరోజు బస్టాండుకు కారు తెచ్చినాడు. ఇంటికొచ్చినాక సామాను దించి, అరుగు మీద కూచోని, "నువ్వే గెలిస్తివి. ఇంగ రమ్మంటే చూద్దాంలే అంటావు మళ్లా" అన్న్యాడు నవ్వుతా. నేను నిలబడి చెప్పినా. "లేదు దేవదానం. నేను రాను. నాకు ఈడనే ఉండాలని ఉంది." అన్నేండ్లలో అదే మొదటిసారి వానికి నేను రానని చెప్పింది. వాడు శానాసేపు రోడ్డు తిక్కు చూసినాడు. కాఫీ గూడ తాగకుండా లేసి పోయినాడు. కోపమొచ్చిందనుకుంటి. 

మరుసటిరోజు పొద్దున తలుపు తడితే, మీ జేజినాయన, ఒక మేస్త్రీ. చేతిలో స్టీలు కడ్డీలు. నన్ను పలకరీకుండానే బాత్రూములోకి పోయి, గోడకు ఈడొకటి, ఆడొకటి అని మేస్త్రీకి చూపిస్తాండాడు. ఏంది నాయనా ఇది అంటి. తిరిగి చూడకుండానే అన్న్యాడు, "ఈడనే ముసిలిదానివి అయితావు గదక్కా. కాలు జారితే పట్టుకోను ఏమన్నా ఉండాల గదా."

నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టిచ్చి, కొంగు అడ్డం పెట్టుకోని ఏడ్సినా.

"జేజీ... నేను బెంగుళూరులో ఉద్యోగానికి పోతానంటే జేజినాయన ఒప్పుకోడంలే. నువ్వొక మాట చెప్పవా?"

అదా సంగతి. అందుకా ఈ రికార్డూ గీర్డూ? చెప్పను మే. నేను చెప్పను. నువ్వే ఎదురుగా నిలబడి చెప్పుకో, పోతానని. రోడ్డు తిక్కు చూస్తాడు, కాఫీ తాగకుండా లేస్తాడు. భయపడాకు. ఒకరోజు ఓర్చుకో. పో తల్లీ, యాడున్నా నీ మాట నీ నోట్లోనే ఉండాల, సల్లగుండు.