నేనొచ్చేదాకా నోరు విప్పకు

జెస్సమిన్ అక్కా, పాస్టరు గారూ, ఈ చర్చి హాల్లో ఇరుక్కుని కూర్చున్న మీరందరూ.

అక్కా, మీ ఇంటాయన, మనందరి వర్జిల్ స్టాంపర్ గారు పోయారు. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకి ఈ కెంటకీ కొండల్లో కోర్టు ఇచ్చే లాయరు ఆయనే. మనలో ఆయన సాయం అందని ఇల్లు ఏది? చేతులెత్తమని అడగనులెండి, ఆయన ఒప్పుకోరు.

నా భర్త డెల్మర్ సంగతి మీకు తెలిసిందే. తాను అరువిచ్చిన పడవ మోటారు పక్కింటాయన తిరిగివ్వలేదని, ఆయన రేవుకెళ్ళి మోటారు విప్పుకొచ్చాడు. తీరా చూస్తే అది పక్కింటాయన సొంత మోటారు. తెలిశాక కూడా డెల్మర్ పంతానికి తిరిగి ఇవ్వలేదు. పోలీసు డెప్యూటీ రస్సెల్ వస్తే, మన చర్చివాడే కదా అని కాఫీ ఇచ్చి అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. రస్సెల్, తల దించుకోకు, నీ పని నువ్వు చేశావు. పెద్ద నేరం, ఫెలొనీ అని కేసు పడింది. జైల్లో వర్జిల్ గారి మొదటి మాట: "ఒరే డెల్మరూ, కాఫీ ఇస్తే ఇచ్చావు, కథంతా ఎందుకు చెప్పావురా? ఇకమీద నేనొచ్చేదాకా నోరు విప్పకు."

ఫెలొనీ ఇవాళే ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి పంపుతామన్నాడు ప్రాసిక్యూటరు. నేను ఒప్పుకోమని ఏడ్చాను. వర్జిల్ గారు కసిరారు. "ఇంటికొస్తాడమ్మా, వచ్చి ఏం చేస్తాడు? ఫెలొనీ పడ్డోడికి నడపడానికి స్కూలు బస్సు ఎవడిస్తాడు? ఓటు పోద్ది, వేట తుపాకీ పోద్ది. మిస్‌డిమీనర్ అంటే చిన్న నేరం. శిక్ష తీరాక మళ్ళీ మన మనిషే."

రెండింటిలో ఏదో తేల్చేది ఆ మోటారు ఖరీదు. ఆయన దాన్ని కోర్టుకే తెప్పించి స్టార్టు చేసే తాడు లాగారు. మళ్ళీ లాగారు. కోటు విప్పి లాగారు. అది కనీసం దగ్గలేదు. "అయ్యా, ఇది మోటారైతే నేను పెళ్ళికొడుకుని" అన్నారు. జడ్జిగారు కూడా నవ్వారు. చిన్న నేరంగానే తేలింది. డెల్మర్ ఇవాళ్టికీ మీ పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నాడు.

ముద్దాయి పేరు జడ్జి పిలిస్తే వాడికంటే ముందు ఆయనే లేచేవారు. మోకాళ్ళు అరిగాక బల్ల పట్టుకుని లేచేవారు. ఎందుకండీ ఆ అవస్థ అంటే, "ఒంటరిగా నిలబడ్డోణ్ణి చూస్తే తప్పు చేసినోడిలాగే కనపడతాడమ్మా" అనేవారు.

ఆయనంటే నాకు ప్రాణం. నేనొచ్చేదాకా అనేవారు, ఎప్పుడూ వచ్చేవారు. ఈసారి రారు.

లేవండి. ఆయన మన కోసం లేచినట్టే, ఆయన కోసం మనం. ఆయన చెప్పినట్టే, కాసేపు ఎవ్వరం నోరు విప్పకుండా.