ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ

ఆ రెసీఫె మ్యూజియం పిల్ల మళ్ళీ వచ్చిందయ్యా, కిరీనో. నువ్వు పోయిన ఇన్నేళ్ళకి గుర్తొచ్చావు వాళ్ళకి. పోనీ నీ సమాధి మీద పెట్టడానికో కొవ్వొత్తి తెచ్చిందా అంటే, అబ్బే. అచ్చుచెక్క కావాలట. అద్దాల పెట్టెలో పెడతారట.

ఏ చెక్కా? ఇంకే చెక్క, సైతానుని చీపురుతో తరిమే గయ్యాళిది.

నవ్వకు. కరువారు ఊరి సంతలో కమలాపళ్ళమ్ముకునే పిల్లని. బేరం దగ్గర నిన్నొక్క మాట అన్నానని నా మొహం చెక్క మీద చెక్కి పాటల పుస్తకం అట్ట మీదకెక్కించావు. సంతలో తాళ్ళకి వేలాడే పుస్తకాలన్నిటి మీదా నేనే. "సైతానుకే దడ పుట్టించిన పిల్లా, పళ్ళెంతే?" అని ఒకటే వెక్కిరింతలు. కొట్టడానికే వచ్చాను నీ కొట్టుకి. నిన్నే కట్టుకున్నాను, నా ఖర్మ.

అయినా ఆ తప్పేమిటయ్యా? అచ్చులో కుడి ఎడమవుతుందని తెలీదూ? చూసింది చూసినట్టే చెక్కేశావు. నా కుడి బుగ్గ మచ్చ కాగితం మీద ఎడమ బుగ్గకొచ్చింది. "నిన్నే చూస్తూ మర్చిపోయా" అన్నావు. ఆ మాటకే పడిపోయాను.

ఇప్పుడీ పిల్ల కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇది మీరు కాదేమో అమ్మా, మచ్చ అటుంది" అంది. కాగితం మీదది నేను కాదు తల్లీ, చెక్క మీదది నేను, అన్నాను. కాగితాలు ఎన్నైనా పట్టుకుపో, చెక్క మాత్రం ఇవ్వను. శనివారం సంతకి దాంతోనే అచ్చు వెయ్యాలి.

"కిరీనో చెక్కింది చెక్కినట్టే దాచాలి మేము" అంటూ భూతద్దం తీసింది. "నుదుటి మీద ఈ గీతలేంటి? పాత అచ్చుల్లో లేవే?"

పురుగు తొలిచిందన్నాను.

పురుగూ లేదు, పాడూ లేదు. నేనే.

నువ్వు పోయిన ఏడే నీ కత్తి తీశాను. ఉంబురానా మెత్తటి చెక్క కదా, నా చేతికీ లొంగింది. కొత్త ముడత కనపడినప్పుడల్లా ఒక గీత పెట్టాను. చెక్కిన చోట సిరా అంటదుగా, తెల్లగా వస్తుంది. జుట్టు కూడా అలాగే నెరిపించాను. నువ్వు నన్ను ఇరవయ్యేళ్ళ దానిలా ఆ చెక్కలో ఉంచేసి పోతే, నేను అక్కడే కూర్చోవాలా?

నీ పని పాడుచేశానంటావా? అనుకో. చీపురు ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆ మచ్చ జోలికి మాత్రం పోలేదులే. అది నన్ను చూస్తూ చేసిన తప్పు. అలాగే ఉండనీ.