ఒంటెల గడ్డి తినేసిన తమ్ముడు

కరెంటు పోయిందంటే రాదామెస్ కొట్టు ముందు జనం చేరతారు. ఫ్యాను తిరగని ఇంట్లో కూర్చుని ఎవడు ఉడుకుతాడు? డామినో బల్లని అరుగు మీదికి లాగేస్తాం, ఐసు కరిగిపోయేలోపు బీర్లు ఖాళీ చెయ్యాలని రాదామెస్ మమ్మల్ని తొందరపెడతాడు. ఆ సాయంత్రం బల్ల చుట్టూ నలుగురం ఉన్నాం. నేను, కొట్టు యజమాని రాదామెస్, మోటారుసైకిలు మీద జనాన్ని తిప్పే విల్ఫ్రీ, ఇంకా అబుందియో.

అబుందియోకి అరవై దాటాయి. చక్కెర మిల్లులో బస్తాలు మోసి మోసి రిటైరయ్యాడు. మా ఊళ్ళో జరిగిన గొప్ప పనుల్లో సగం ఆయనే చేశాడు, మిగతా సగానికి సలహా ఇచ్చాడు. ఇది ఆయన చెప్పే మాట. మేం కాదనం. కాదంటే ఇంకోటి మొదలెడతాడు.

అప్పుడే బడి నుంచి యుదెల్కా టీచరమ్మ వచ్చింది. రాజధాని సాంతో దొమింగో నుంచి కొత్తగా వేశారామెని, ఇంకా మా ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీదు. చంకలో ఒక బొమ్మల పుస్తకం. సోడా అడిగి, అది తాగుతూ చెప్పింది.

"పిల్లలకి ఈ పుస్తకం చదివి వినిపించానండీ. అల్లరి తమ్ముడితో వేగలేక ఒక పిల్ల పడే పాట్లు. పడీ పడీ నవ్వారు. ఇప్పుడు ప్రతివాడూ నా గౌను పట్టుకుని ఒకటే గోల. మా చెల్లి నా బూటులో గుడ్డు పగలగొట్టింది, మా తమ్ముడు నా లెక్కల పుస్తకాన్ని మేకకి పెట్టాడు, పుస్తకంలో పిల్ల చేసినవి నిజంగా పనిచేస్తాయా అని. నాకేం తెలుసు, నేను ఒక్కతే కూతుర్ని. అందుకే శనివారం, అల్లరి తోబుట్టువుతో నిజంగా వేగినవాళ్ళని ఒకర్ని పిలిచి వేదిక మీద కుర్చీ వేద్దామనుకుంటున్నా. ఈ వీధిలో ఎవరైనా ఉన్నారా?"

అబుందియో చేతిలోని డామినో బిళ్ళల్ని బోర్లించాడు.

"ఇంక వెతక్కండి టీచరమ్మా. మీ ఎదురుగానే ఉన్నాడు."

విల్ఫ్రీ నా వైపు చూశాడు. నేను రాదామెస్ వైపు చూశాను. రాదామెస్ బీరు సీసా వైపు చూశాడు. అబుందియోకి ఆ కుర్చీ కావాలని మొహంలోనే తెలిసిపోతోంది. మిల్లులో ఎన్ని సభలు జరిగినా ఆయన వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డవాడే, వేదికెక్కి కూర్చోమని ఎవరూ అనలేదు. నాకు జాలేసింది, అందుకే నోరు మూసుకున్నాను. విల్ఫ్రీ తమాషా చూద్దామని మూసుకున్నాడు.

"నాకో తమ్ముడుండేవాడండీ," అని మొదలెట్టాడు అబుందియో. "పేరెందుకు లెండి, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు, పరువు పోతుంది. వాడికి ఆరేళ్ళు, నాకు పదకొండు. రాజుల పండగ ముందురోజు సాయంత్రం, ఆ రాత్రే కదా ముగ్గురు రాజులు ఒంటెల మీద వచ్చి పిల్లలకి బహుమతులు పెట్టి పోయేది. అందరి ఇళ్ళలో లాగే మంచం కింద అట్టపెట్టె పెట్టాం, దాన్నిండా ఒంటెలకి పచ్చగడ్డి, గిన్నెలో నీళ్ళు, ముగ్గురు రాజులకి పుదీనా బిళ్ళలు, సిగరెట్లు. నాకు సైకిలు కావాలని రాజులకి కబురు కూడా పంపాను. అమ్మ చెప్పింది, పెద్దాడా, గడ్డి నీ బాధ్యత, గడ్డి లేకపోతే ఒంటె ఆగదు, ఒంటె ఆగకపోతే సైకిలు లేదు. కాసేపయ్యాక వంగి చూద్దును కదా, ఏం కనిపించిందో తెలుసా? మంచం కింద రెండు పాదాలు."

"తమ్ముడివా?" అంది టీచరమ్మ.

"వాడివే. పుదీనా బిళ్ళలు అయిపోయాయి, గడ్డి మీద పడ్డాడు."

"మనిషి గడ్డి తింటాడా బాబాయ్?" అన్నాడు విల్ఫ్రీ.

"ఎందుకు తినడు? మొదట్లో చేదుగానే ఉంటుంది, నమిలే కొద్దీ తియ్యగా ఊరుతుంది, పుదీనా కలిస్తే చల్లగా గొంతులోకి దిగుతుంది, కాకపోతే మంచం కింద దుమ్ముకి ముక్కు ఒకటే దురద."

"నీకెలా తెలుసు?"

"అన్నగారన్నాక అన్నీ తెలుసుకోవాలిరా! మధ్యలో మాట్లాడకు. సరే, వాణ్ణి కాళ్ళు పట్టి ఇవతలికి లాగాను, మళ్ళీ గడ్డి కోసుకొచ్చాను, గాలిపటం దారంతో వాడి కాలు మంచం కోడుకి కట్టేశాను. అంతే. చిన్న పని. ఏ అన్నయినా చేస్తాడు."

టీచరమ్మ తల ఊపింది. అక్కడితో ఆపి ఉంటే శనివారం కుర్చీ ఆయనదే. కానీ అబుందియో ఆగడం మేమెవ్వరం చూళ్ళేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు దారం కొరికేశాడు. మా ఇంటి గడ్డి మళ్ళీ తిన్నాడు. పక్కింటి గడ్డి తిన్నాడు. ఒక్కో మంచం కింద నుంచి ఇంకో మంచం కిందికి పాక్కుంటూ వీధి వీధంతా మేసేశాడు. పొద్దున్నే చూస్తే మిల్లు గేటు దగ్గర్నుంచి సముద్రం దాకా గడ్డిపరక లేదు! వాడి పొట్ట చూడాలి మీరు, డోలంత. తడితే మోగేది."

"పాపం," అంది టీచరమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"పాపం నాది! ఎందుకంటే ఆ ఏడాది రాజులు ఆలస్యంగా వచ్చారు. పొద్దెక్కాక వచ్చారు. ఒంటెలు ఆకలి మీదున్నాయి. పెట్టెలో మూతి పెడితే ఖాళీ. ఒంటె ఊరుకుంటుందా? అప్పట్లో మా వీధి కప్పులన్నీ తాటాకువే. మొదలెట్టాయండీ. ఈ చివర్నుంచి ఆ చివరికి. పడుకున్నవాళ్ళు కళ్ళు తెరిస్తే పైన ఆకాశం, మధ్యలో ఒంటె మూతి! కప్పులయ్యాయి, చీపుళ్ళు తిన్నాయి, ఫాదర్ గారు ఆశీర్వదించడానికి బయటికొస్తే ఆయన గడ్డి టోపీ తిన్నాయి. పైగా ఆయన తలమీదే మూతి తుడుచుకున్నాయి."

ఈలోగా ఒక పెద్దావిడ సంచీ పట్టుకుని కొట్టులోకి వచ్చింది. అబుందియో వీపు అటువైపు ఉంది, ఆయన చూళ్ళేదు. ఆమె ఎవరో మాకు తెలుసు. రాదామెస్ లేవబోతే ఆమె చెయ్యి ఊపి కూర్చోమంది, నూనె సీసా తనే తీసుకుని, బియ్యం బస్తా మీద కూర్చుని వినసాగింది.

"తర్వాత మిల్లు వాళ్ళ చెరకు తోట," అంటున్నాడు అబుందియో. "చెరకు బండి ఎదురొస్తే బల్తసార్ రాజుగారి ఒంటె ఏం చేసిందనుకున్నారు? ఎద్దుల్ని మర్యాదగా విప్పి పక్కన నిలబెట్టి, బండిని మింగేసింది. చక్రాలతో సహా. మిల్లు కూత కూసింది, మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, ఏయ్ అబుందియో, నువ్వే దిక్కన్నాడు."

"పదకొండేళ్ళ పిల్లాణ్ణా?" అన్నాను నేను.

"అప్పటికే నాకు పేరుంది మరి! ఇంత తీపి తిన్నాక ఒంటెలకి దాహం వెయ్యదా? సముద్రానికి పోయాయి. తాగాయి. ఎంత తాగాయంటే, సముద్రం అవతల ప్వెర్తోరికోలో మా మేనత్త ఉండేది, ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చి, మా అమ్మతో కాఫీ తాగి, పొద్దుగూకేలోపు నడిచి వెళ్ళిపోయింది. చీలమండ దాకా తడిసింది అంతే. పాపం, వీసా కూడా అడగలేదెవరూ."

"మీరేం చేశారు మరి?" అంది టీచరమ్మ. "పిల్లలకి అదే కదా కావాల్సింది."

అబుందియో కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆలోచించాను. అల్లరోణ్ణి కొడితే రెండింతలు చేస్తాడు, తిడితే నవ్వుతాడు. వాడికో పని అప్పజెప్పాలి. వాణ్ణి ఎత్తి ఒంటె మెడమీద కూర్చోబెట్టి, ఒరేయ్, ఈ ఒంటెలకి నువ్వే పెద్ద, వీటిని అదుపులో పెట్టు అన్నాను. అంతే, గొర్రెపిల్లలైపోయాయి. ఒంటెలూ, వాడూ."

"అది నిజంగా పనికొచ్చే మాటండీ," అంది టీచరమ్మ ఆశ్చర్యంగా. బియ్యం బస్తా మీద పెద్దావిడ కూడా తల పంకించింది.

"చూశారా! ముగ్గురు రాజులూ ఒంటెలు దిగి నా చేతులు పట్టుకున్నారు. ఇంత తెలివి మా దేశాల్లో లేదు నాయనా, ఈ పిల్లాణ్ణి మాకిచ్చెయ్, ఒంటెలు తోలడానికి పెట్టుకుంటాం అన్నారు."

"ఇచ్చేశావా?" అన్నాడు విల్ఫ్రీ.

"ఆ, ఇచ్చేశా. బట్టలు కూడా సర్ది ఇచ్చా. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి తెచ్చి దింపేశారు! మెల్చోర్ రాజుగారి గడ్డం జడ అల్లి ఒంటె తోకకి కట్టాడట. గస్పార్ గారి కిరీటం కొరికాడట. వాళ్ళకి దారి చూపే చుక్క ఉంటుంది చూడండి, దాన్ని వీడు ఏం చేశాడో, అది పడమటికి కాకుండా రాదామెస్ తాత పందుల దొడ్డి మీదికి వచ్చి ఆగిపోయింది. వాణ్ణి వెనక్కి తీసుకున్నందుకు నాకు బంగారం ఇచ్చారు, బస్తాడు."

"ఆ బంగారం ఏది బాబాయ్?"

"ఒంటె తినేసింది." విల్ఫ్రీ బల్ల మీద కొట్టి నవ్వుతుంటే అబుందియో చెయ్యెత్తి ఆపాడు. "నవ్వకు. ఆ గొడవలో రాజులు బహుమతులివ్వడం మర్చిపోయారు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదు. సైకిలూ లేదు, గుర్రపుబొమ్మా లేదు. వారం పోయాక బెలెన్ ముసలమ్మ వచ్చింది."

ఆ ముసలమ్మ గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. రాజులు దాటిపోయిన ఇళ్ళు చూసుకుని, పేదపిల్లల కోసం ఆలస్యంగా వచ్చేది ఆమే.

"గుమ్మంలో లారీ పెట్టి వెళ్ళింది," అన్నాడు అబుందియో. "సార్డీను చేపల డబ్బాతో చేసింది. చక్రాలు సోడా మూతలు. ముందు తాడు కట్టి ఉంది లాగడానికి. ఇంతుంటుంది." వేళ్ళు చాచి చూపించాడు. బెత్తెడు.

అంతసేపూ వింటున్నవాణ్ణి, నాకు వింతగా అనిపించింది. ఆ లారీని ఆయన ఓడని చెయ్యలేదు, దానికి రెక్కలు పెట్టలేదు. బెత్తెడు దగ్గరే ఆగిపోయాడు.

మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "ముసలమ్మ వెళ్తూ వెళ్తూ నన్ను లేపి, అబుందియో, లోకంలో అల్లరి పిల్లలందరి చిట్టా నా దగ్గరుంది, వేగలేకపోతున్నాను, నాలుగు ఉపాయాలు చెప్పు అంది. చెప్పాను. అప్పట్నుంచీ ప్రతి ఏడూ వచ్చి అడిగి వెళ్తుంది."

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "శనివారం మీరే రావాలండీ! ఒంటెలు కొంచెం తగ్గించి చెబుదురుగాని. కుదిరితే మీ తమ్ముణ్ణి కూడా తీసుకురండి, పిల్లలు ఇద్దర్నీ చూస్తే సంతోషిస్తారు."

"వాడెక్కడ దొరుకుతాడండీ? ఓడ కెప్టెను. ఈపాటికి ఏ సముద్రంలో ఉన్నాడో."

"ఇక్కడే ఉన్నాడు టీచరమ్మా," అంది బియ్యం బస్తా మీది పెద్దావిడ. "మీ ముందే కూర్చుని, డామినో బిళ్ళ ఒకటి మోకాలి కింద దాచుకున్నాడు."

విల్ఫ్రీ ఠక్కున వంగి అబుందియో మోకాలు ఎత్తాడు. జోడు ఆరు బిళ్ళ నేల మీద పడింది.

"నేను లుదోవినాని," అంటూ ఆమె లేచి వచ్చింది. "వీడి అక్కని. మా అమ్మకి మేమిద్దరమే. ఆరేళ్ళు వీడికి, పదకొండు నాకు. ఒంటెల గడ్డి తిన్నది వీడే. కడుపునొప్పని గుక్కపట్టి ఏడుస్తుంటే కషాయం కాచి పోసింది నేను. దారంతో కట్టిందీ నేనే, ఒంటెలు లేవు గనక కోళ్ళకి పెద్దని చేసిందీ నేనే. అదొక్కటీ నిజంగానే పనిచేసింది, రెండు రోజులు."

మేమే కాదు, రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి నవ్వారు. అబుందియో చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, అయితే శనివారం కుర్చీ మీది," అంది టీచరమ్మ.

"వస్తానమ్మా. చెప్పడానికి నాకు చాలా ఉంది. ఇంకా వేగుతూనే ఉన్నాను కదా."

అబుందియో తల దించుకుని బిళ్ళల్ని అటూ ఇటూ తోశాడు. కుర్చీ పోయింది. ఆయనకది ఎంత బాధో మాకు కనిపిస్తూనే ఉంది. మళ్ళీ తల ఎత్తాడు.

"వెళ్ళక్కా. నువ్వే కూర్చో కుర్చీలో. కానీ ఒక్క మాట. బెలెన్ ముసలమ్మ వచ్చింది మాత్రం నాకోసమే. ఈ వీధిలో ఇంకెవరింటికీ రాలేదు ఆ ఏడు. లారీ నాకిచ్చింది. నీకేమైనా ఇచ్చిందా?"

"లేదు," అంది లుదోవినా.

"ఎప్పుడైనా ఇచ్చిందా?"

"ఎప్పుడూ లేదు."

"విన్నారా!" అని అబుందియో మా అందరి వైపూ తిరిగాడు, మళ్ళీ నిటారుగా కూర్చుంటూ.

లుదోవినా నూనె సీసాని సంచీలో పెట్టుకుంది.

"ఆ ముసలమ్మకి అప్పుడు పదకొండేళ్ళురా, చిన్నోడా," అంది. "సోడా మూతలు వీళ్ళ నాన్నని అడిగి తెచ్చింది." రాదామెస్ వైపు గడ్డంతో చూపించి, అరుగు దిగింది.

అబుందియో, అరవై దాటిన మనిషి, ఆట మధ్యలో బిళ్ళలన్నీ అందరికీ కనపడేలా వదిలేసి, గబగబా వెనకాలే వెళ్ళి ఆమె చేతిలోంచి సంచీ అందుకున్నాడు.