నిలబడ్డాడు అనే ఆప్షన్ లేదు

(లువాంగ్వా నది ఒడ్డున క్యాంపు. పొద్దుటి నడక ముగిసి టూరిస్టులు స్నానాలకు వెళ్ళారు. దారిలో ఏనుగు మీదికొచ్చిన సంగతి గైడు తియాంజానే ట్యాబ్‌లో రిపోర్టుగా నింపుతోంది. తుపాకీతో అందరికంటే ముందు నడిచే గార్డు, ఆమె మేనమామ యోతాము, బూట్లు విప్పుకుంటున్నాడు.)

"ఇందులో మూడే ఉన్నాయి మావయ్యా. గార్డు కాల్చాడు, గాల్లోకి కాల్చాడు, అరిచాడు. నువ్వు మూడూ చెయ్యలేదు."

"నిలబడ్డాను కదే."

"నిలబడ్డాడు అనే ఆప్షన్ లేదు."

"అయితే వదిలెయ్."

"వదిలేస్తే ముందుకి పోనివ్వదు. నీకంటే మొండిది ఇది."

"టీ ఉందా?"

"ఇదిగో. ఏనుగు ఎంత దూరంలో ఆగింది?"

"చూశావుగా."

"నేను చూశాను. నువ్వు చెప్పు."

"ఇరవై అడుగులు... ముప్పై వేసుకో."

"పది లేవు. అది లేపిన దుమ్మంతా నీ చొక్కా మీదే ఉంది. నీ ధైర్యానికి ఆ టూరిస్టు ముసలావిడ ఏడ్చేసింది, తెలుసా?"

"పాపం, మంచావిడ."

"దంతాలెన్ని?"

"ఆవిడకా?"

"మావయ్యా!"

"రెండు. ఏనుక్కి ఎన్నుంటాయి?"

"దీనికి ఒకటే. ఎడమది మొదలంటా విరిగిపోయింది. సీజనంతా రోజూ చూస్తున్న ఏనుగే."

"పాదాలు లాగేస్తున్నాయే ఇవాళ."

"మాట మార్చకు. ఎప్పట్నుంచి?"

"ఏంటి ఎప్పట్నుంచి?"

"కళ్ళు."

"...మసగ్గా ఉంటుంది, అంతే. పోయిన వానల నుంచి."

"వానల నుంచా? అంటే ఇన్ని నెలలూ మా ముందు గుడ్డిగా నడిచావా?"

"అరవకు, వింటారు. చెవులున్నాయిగా. పిట్టలు అరిస్తే అడవిదున్న ఉన్నట్టే, దాని వీపు మీదే వాటి కాపురం. ఏనుగు పిట్టల్ని వాలనివ్వదు. అందుకే ఇవాళ... అది ఘీంకరించేదాకా తెలీలేదు."

"అబ్బా. ఇదెక్కడ రాయను?"

"రాస్తే ఈ పూటే ఇంటికి పంపిస్తారు. క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. మీ అత్త మొన్ననే కూరగాయల మడి వేసింది."

"రాయకపోతే రేపు ఆరింటికి మళ్ళీ ఆరుగురు, మావయ్యా. నీ వెనకాల."

"నీకు అడుగుజాడలు చూడ్డం నేర్పిందెవరే?"

"నువ్వే. అందుకేగా వేలు ఇంకా 'పంపు' నొక్కకుండా ఉంది."

"ఇరవై ఆరేళ్ళు. ఒక్క జంతువునీ కాల్చలేదు. అది రాయడానికైనా చోటుందా దాంట్లో?"

"లేదు."

"ఉండదులే. అలిసిపోయానే పిల్లా."

"ఇవాళ అది ఆక్కుండా వచ్చేసి ఉంటే? చప్పుడొచ్చిన వైపు కాల్చేసేవాడివా?"

"లేదు."

"ఎందుకు లేదు? అంత భయంలో ఎవరైనా కాలుస్తారు. ఇలా ఇవ్వు ఆ తుపాకీ... ఇదేంటి? తూటాలేవి?"

"జేబులో. మసకలు మొదలైన రోజు నుంచీ అక్కడే ఉన్నాయి. ఏనుగైతే ముందు నన్నే తొక్కుతుంది. తూటా నిన్ను వెతుక్కుంటూ పోతే నాకు కనబడదు కదే."