‘డియర్’కి కుదిరిన అర్థం

హలో… ఆ, నేనే… నేనే సర్, మీ సెక్షన్‌లో టైపిస్టుగా చేసినదాన్ని. మీ గొంతు మర్చిపోతానా!

… ఏంటీ, ‘అమ్మా’ అంటున్నారు? నాలుగేళ్ళ క్రితం ‘డియర్’ కదా నేను… సరే, చెప్పండి.

… ఊఁ… ఊఁ… రిసెప్షన్‌లో కొత్తగా చేరిన పిల్లా? మీ మీద కంప్లయింటా? అయ్యో పాపం!

… తెలుసు సర్. సస్పెండ్ చేశారనీ తెలుసు… ఆ పిల్లే చెప్పింది.

… కూతురిలా చూశారా? కూతురికి ‘పసుపు డ్రెస్సులో చంపేస్తున్నావ్ డియర్’ అని మెసేజ్ పెడతారా ఎవరైనా?

… ఆఁ, ఆ ముక్క నాకు కంఠతా వచ్చు. ‘డియర్‌కి చాలా అర్థాలున్నాయి.’ అప్పుడు నేను కంప్లయింటిస్తే, ఎంక్వైరీకి లావుపాటి డిక్షనరీ మోసుకొచ్చారుగా! ప్రియమైన. గౌరవనీయులైన. ఖరీదైన… నేను కొట్టిన ఉత్తరాలు బల్ల మీద పరిచి, ‘ఈవిడ రోజూ నాకు డియర్ సర్ అని టైప్ చేస్తుంది, నేనేమైనా అపార్థం చేసుకున్నానా’ అన్నారు. అందరూ నవ్వారు. కమిటీలో ఉన్న లేడీ మెంబరు కూడా, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని.

… చిన్న విషయమా! ఆ రోజు ఇంటికెళ్తే మా ఆయన ఏమడిగాడో తెలుసా? ‘తిరిగి నువ్వేం రాశావ్’ అని. ఏడాదిపాటు నా ఫోన్ ఆయన తలగడ కిందే.

… మీ గురించి ఒక్క మాట చెప్పాలా? చెప్పడానికే వచ్చాను సర్… ఎక్కడికేంటి, మీ ఆఫీసుకే. మూడో అంతస్తు, ఎంక్వైరీ రూము బయట బెంచీ మీదున్నా. ఆ పిల్ల లోపలుంది. తర్వాత నేనే.

… పాత ఫోన్ పారేస్తానా? ముప్ఫై ఏడు మెసేజులు. అన్నీ టైప్ చేశా. ఒక్కోదాంట్లో ‘డియర్’ తీసేసి, మీ డిక్షనరీ అర్థాలు పెట్టి చూశా. ‘లిఫ్ట్ దగ్గర తప్పించుకున్నావేం, గౌరవనీయురాలా’… కుదర్లేదు. ‘ఆదివారం ఒంటరిగా రా, ఖరీదైనదానా’… ఉహూఁ. ‘జవాబివ్వకపోతే ట్రాన్స్‌ఫరే, గౌరవనీయురాలా’… ఎలా ఉంది? ఒక్కటే కుదిరింది సర్. అదేంటో మీకూ తెలుసు. అయిదు కాపీలు తీయించా, మెంబరుకొకటి.

… జాలా? ఉండేది. మొన్నటిదాకా. ఆ పిల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చి, ‘అక్కా, నేనే తప్పుగా అర్థం చేసుకున్నానా’ అంది. నాలుగేళ్ళు నన్ను నేను ప్రశ్నించుకున్న మాటే, అక్షరం పొల్లుపోకుండా… అప్పుడు చచ్చిపోయింది సర్, ఆ జాలి.

… 

… ఏడుస్తున్నారా?

… ఏడవండి. ఇంకా కాస్త టైముంది, వింటాను.

… ఒక్క నిమిషం— తలుపు తీశారు… ఆ పిల్ల బయటికొచ్చింది… రామ్మా, ఇలా కూర్చో. నీళ్ళు తాగు… ఆ, నేనేనండీ, వస్తున్నా!

… లేదు సర్, ఫోన్ పెట్టేయను. ఇలాగే చేత్తో పట్టుకుని లోపలికెళ్తా. నాతో చెప్పిందంతా వాళ్ళ ముందు మళ్ళీ చెప్పండి. స్పీకర్‌లో పెడుతున్నా… నమస్కారమండీ. ముందు ఈయన మాట్లాడతారు. ఊఁ, చెప్పండి సర్…

… హలో?

… హలో?

… పెట్టేశాడు.